“హౌ ఆర్ యూ” అనిన నేమని చెప్పవలెను?

పల్నాటిసీమలో పలుకరింపులకు కొఱత యెన్నడును లేదు. నరసరావుపేట అంగళ్లలోగాని, మాచర్ల చెన్నకేశవస్వామి తిరునాళ్లలోగాని, గురజాలలో బస్సులు నిలుచుచోటగాని యిద్దఱు స్త్రీలు కలిసికొనిన యెడల, “ఏం వదినా, బాగుండావా? పిల్లలు బాగుండారా? ఏం కూర చేశావు? కోతలు అయిపోయినయ్యా?” అని ప్రశ్నలు వరుసగా వచ్చును. అడిగిన యామె జవాబునకై నిలుచును. చంకలోని గంపను దింపి మఱికొంతసేపు నిలుచును. మోకాళ్ల నొప్పులు, రెండవపిల్ల సంబంధము, కల్లములో నెండుచున్న మిరపకాయల ధర, కోడలి కానుపు, ఇవి యన్నియు చెప్పి విని, తుద కిద్దఱును “సరే, పొద్దుపోయింది” అని కదలుదురు. మనలో “బాగున్నారా” యనుట తలుపు తట్టుటవంటిది. తట్టినవారు లోనికి వచ్చి కూర్చుండక పోరు.

ఇట్టి మర్యాదలో పెరిగిన మన సోదరీమణులకు మూడు చిన్న యింగ్లీషు మాటలు పెద్ద చిక్కు తెచ్చిపెట్టినవి. బిడ్డను బడిలో దింపుటకు పోయిన తల్లిని పంతులమ్మ “గుడ్ మార్నింగ్, హౌ ఆర్ యూ?” అని పలుకరించును. హైదరాబాదులో కుమారుని యింటికి పోయిన యత్తగారిని, లిఫ్టులో నెవరో పొరుగామె “హాయ్ ఆంటీ, హౌ ఆర్ యూ?” అనును. అమెరికాలో పుట్టిన మనుమరాలు ఫోను తెఱమీద కనుపించి “హాయ్ అమ్మమ్మా, హౌ ఆర్ యూ?” అని కేకవేయును. ఆ తల్లి యేమి చేయును? నవ్వును, పైట సర్దుకొనును, ప్రక్కనున్న వారి ముఖము చూచును. అయిదెకరముల మాగాణి లెక్క వ్రేళ్లమీద చెప్పగల యిల్లాలు, చీటీపాటలో నొక్క పైస తేడా రానియ్యని యిల్లాలు, మూడు మాటలకు మూగదగుచున్నది. దీనిని చూచి యింటిలోని పిల్లలు నవ్వుట మేము పలుచోట్ల గమనించితిమి. ఆ నవ్వు మాకు నచ్చలేదు. ఈ వ్యాసమునకు కారణ మదియే.

ఆమెకు నోరు రాకుండుటకు ఇంగ్లీషు రాకపోవుట యొక్కటే కారణమనుట పొరపాటు. ఆ మాటల యర్థ మామెకు తెలియును. తెలిసినందుననే చిక్కు. ఆమె దానిని ప్రశ్న యనుకొనును. ప్రశ్న యడిగినప్పుడు నిజమైన జవాబు చెప్పవలెను గదా! నిన్న రాత్రి నిదుర లేదని చెప్పవలెనా, పెద్దవానికి జ్వరమని చెప్పవలెనా, అంతయు నింగ్లీషులో నెట్లు చెప్పుట యని తలపోయుచుండగా సమయము దాటిపోవును.

గురజాల దాపులనున్న యొక పల్లెనుండి కుమార్తె కానుపునకై టెక్సాసుకు పోయిన యొక తల్లి సంగతి మాకు తెలియును. ఉదయము వీథిలో నడచుచుండగా, కుక్కను పట్టుకొని వచ్చుచున్న యొక దొరసాని చిఱునవ్వుతో “హౌ ఆర్ యూ?” అన్నదట. ఈమె నిలిచినది. చలికి తాళలేకున్నానని చెప్పుటకు మాటలు కూర్చుకొని నోరు తెఱచునప్పటికి ఆ దొరసాని పది గజములు ముందునకు సాగిపోయినది. ఇంటికి వచ్చి కుమార్తెతో, “మనిషిని అడిగి, జవాబు వినకుండా పోవటం ఏం మర్యాదే?” అని కోపగించినది. మన కొలతతో చూచిన నామె కోపము న్యాయమైనదే. వారి కొలతతో చూచిన నా దొరసాని చేసిన తప్పేమియు లేదు. అచ్చట “హౌ ఆర్ యూ” యనునది చాలతావుల ప్రశ్న కాదు. ప్రశ్న వేషము వేసికొన్న నమస్కారము.

ఈ సంగతిని పండితులును విచారించినారు. పోలెండులో పుట్టి, పసిఫిక్ మహాసముద్రపు ద్వీపములలోని జనుల నడుమ నివసించి వారి నడవడి నెఱిగిన మలినోవ్‌స్కీ యను పండితుడు, 1923లో ప్రకటింపబడిన యొక వ్యాసమున, మనుష్యుల మాటలలో కొన్ని యే సమాచారమును చేరవేయుటకు గాక, “నీవును నేనును పగవారము కాము” అని తెలుపుటకే పుట్టినవని వ్రాసెను. అట్టివి మనలో లేవా? బిందె చంకన బెట్టుకొని పోవుదానిని “నీళ్లకా?” అందుము. విస్తరిముందు కూర్చున్నవానిని “భోంచేస్తున్నారా?” అందుము. కంటికి కనుపించుచున్న దానినే యడుగుచున్నామని పరదేశి నవ్వవచ్చును. మఱియు ప్రయాణమై పోవువారిని “ఎక్కడికి?” అని యడుగరాదని పెద్దలు మందలింతురు, “ఎంత దూరం?” అని చుట్టు తిప్పి యడుగుదుము. దీని నింగ్లీషులోనికి మార్చి యొక లండను నగరవాసి నడిగిన, నా పోకతో నీకేమి పని యని యతడు కనుబొమలు ముడుచును. చీనాలో పాతతరమువారు “అన్నము తింటివా?” యని పలుకరించుకొందురు, ఆ మాట విని యెవరును భోజనమునకు సిద్ధపడరు. ఏ దేశపు పలుకరింపు నా దేశపు త్రాసులోనే తూచవలెను.

జవాబు చెప్పుట కష్టము కాదు. మన నోములలో వాయనము పుచ్చుకొనుట యెఱుగని స్త్రీ లేదు. “ఇస్తినమ్మ వాయనం” అని యొకరనిన “పుచ్చుకొంటినమ్మ వాయనం” అని రెండవవారందురు. ఆ సమయమున శనగలు గట్టివా, పుచ్చువా యని విప్పి చూచువారుందురా? ఆ మాటకీ మాట. “హౌ ఆర్ యూ?” అనినచో “ఫైన్, థాంక్యూ. హౌ ఆర్ యూ?” అనవలెను. ఒంట్లో కొంచెము నలతగా నున్నను ఇదియే జవాబు; ఇది బొంకు కాదు, వాయనము. ఇందులో తుదిమాట ముఖ్యము. తమ క్షేమము చెప్పి యెదుటివారి క్షేమ మడుగక మానుట వాయనము పుచ్చుకొని తాంబూల మీయకుండుటవంటిది. తిరిగి యడుగునపుడు “యూ” యను మాటను కొంచె మొత్తి పలికిన, “మఱి మీరో?” యను మన నుడికారమే యందు వినబడును. ఇంత మాత్రము వచ్చిన చాలును. తక్కినవి దీని యక్కచెల్లెండ్రు.

గుడ్ మార్నింగునకు గుడ్ మార్నింగే జవాబు. చీకటి పడిన పిదప కలిసికొన్న వారిని మనవారు కొందఱు “గుడ్ నైట్” అని పలుకరింతురు. అది సెలవు పుచ్చుకొనునపుడు చెప్పు మాట. రాత్రి యెనిమిదింటికి కలిసికొన్నను “గుడ్ ఈవెనింగ్” అనియే యనవలెను. “హౌ డు యూ డూ?” అని పూర్వపు దొరలు తొలిపరిచయమున నడిగెడివారు, దానికి జవాబుగా మరల నదే ప్రశ్న వేయుట యాచారము. పాఠ్యపుస్తకములలో నింకను కనుపించును గాని వీథిలో నిపుడు వినబడుట యరుదు. పడుచువారు “వాట్సప్?” అందురు. ఇది ఫోనులోని వాట్సప్పును గూర్చిన విచారణ కాదు, “ఏంది సంగతి?” యనుట. “నథింగ్ మచ్” అనిన సరిపోవును. ఇంగ్లండులో “ఆల్ రైట్?” అని పలుకరింతురు. అమెరికానుండి పోయినవారు సైతము మొదట, మా ముఖము రోగివలె కనుపించుచున్నదా యని యద్దము చూచుకొందురట! కాబట్టి తడబాటు మన పల్నాటివారి సొత్తు మాత్రము కాదు. అంగడిలో సరకు లిచ్చి “హావ్ ఎ నైస్ డే” యనినవారికి “యూ టూ” అని చెప్పి కదలవచ్చును. తుమ్మినపుడు ప్రక్కవా రెవరైన “బ్లెస్ యూ” అనిన, అది మన “చిరంజీవ, శతాయుష్షు” వంటి దీవన, థాంక్యూ చెప్పవలెను.

హలో సంగతి యొకింత వేఱు. ఈ మాట యిపుడు తెలుగు కాదని యెవ్వరనగలరు? పల్లెలలో ముసలమ్మలు సైతము ఫోను చెవికి చేర్చి “అలో, ఎవరూ?” అందురు. టెలిఫోను పుట్టిన క్రొత్తలో దానిలో మొదట నేమనవలెనో యెవరికిని తెలియలేదు. దానిని కనుగొనిన గ్రహామ్ బెల్ ఓడవారి కేకయైన “అహోయ్” అనుట మేలనెను. 1877లో ఎడిసను “హలో” చాలునని వ్రాసెను. ఎడిసను మాటయే నిలిచినది. లేనిచో మన ముసలమ్మలు నేడు “అహోయ్, ఎవరూ?” అనుచుండెడివారు.

ఇంగ్లీషు మాటలు పల్నాటికి నిన్న మొన్న వచ్చినవి కావు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాదిరియైన హేయరు 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చి మతప్రచారము సాగించెను. ఆ కాలమున పల్నాటికి రైలు లేదు, రాజబాట లేదు. ఆయన తెలుగు నేర్చికొని తెలుగులోనే జనులను పలుకరించెను. నేటికిని ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబములలో “వందనాలండీ” యను పలుకరింపు నిలిచియున్నది. ఎదుటివారును “వందనాలు” అనియే యందురు.

ఇచ్చట మేము పాఠకురాండ్ర నొక్క నిమిషము నిలుపగోరుచున్నాము. మన పాత పలుకరింపులలో నన్నియు సరిసమానమైనవి కావు. “దండాలు దొరా” యని యొకడు వంగిన, రెండవవాడు తల యూచుటయో, ఊఁకొట్టుటయో, అదియు లేకుండుటయో జరిగెడిది. కలుపు తీయవచ్చిన ముసలిది “దండాలమ్మా” యనిన, అరుగుమీది యిల్లాలు “ఆఁ, రా” యనెడిది గాని దండమునకు దండము పెట్టెడిది కాదు. ఇప్పుడు వినుకొండ మన పల్నాడు జిల్లాలోనిది. ఆ యూర 1895లో పుట్టిన జాషువ మహాకవి 1941లో ప్రకటించిన “గబ్బిలము” కావ్యములో, గుడిలోనికి రానీయబడని యొక నిరుపేద తన మొఱను దేవునికి విన్నవింపుమని గబ్బిలమును వేడుకొనును. మనుష్యులలో తన్ను పలుకరించువాడు లేనందుననే గదా యతడు గబ్బిలమును పలుకరించుట! గుడ్ మార్నింగులో నొక గుణ మున్నది. కలెక్టరు చెప్పినను కావలివాడు చెప్పినను మాట యొక్కటే, జవాబు నొక్కటే. అందుకొని తిరిగి యీయకున్న చూచువారు మొఱకుదన మందురు. ఈ యొక్క కారణముచేతనైన నా మాటను మేము మెచ్చుకొందుము. దాని వెనుక “సార్”, “మేడమ్” అను తోకలు తగిలించి పాత మెట్లను మరల కట్టుకొనుట మనవారి నేర్పు. అది యింగ్లీషుభాష తప్పు కాదు.

ఇంతవఱకు చెప్పినది వీథిలోని మాట. వైద్యుని గదిలో సంగతి పూర్తిగ మాఱిపోవును. ఈ భేదము నెఱుగకుండుట ప్రాణముల మీదికి తెచ్చును గనుక కొంచెము విరివిగా వ్రాయుచున్నాము.

వైద్యురాలును లోనికి వచ్చుచునే “హౌ ఆర్ యూ?” అనును. “ఫైన్, థాంక్యూ” అని నేర్చుకొన్న నోరు ఫైన్ అనును. అక్కడితో నాగిపోయిన, ఱొమ్ములోని గడ్డ, ఆయాసము, నెల తప్పి వచ్చుచున్న రక్తము, పాదముల వాపు, ఇవి యన్నియు చీరకొంగులో కట్టుకొని తిరిగి యింటికి తెచ్చుకొన్నట్లే. మన స్త్రీలకు స్వభావముచేతనే తమ బాధ చెప్పుకొనుటకు సిగ్గు. ఆ సిగ్గునకు ఫైన్ అను తెర దొరకినది. కనుక గుర్తుంచుకొనవలసిన దేమనగా, పలుకరించినవారు నడచిపోవుచున్న నది నమస్కారము. కూర్చుండి కలము చేతబట్టి మన ముఖమువంక చూచుచున్న నది ప్రశ్న. ప్రశ్నకు నిజమే చెప్పవలెను. “నాట్ వెల్. పెయిన్ హియర్” అని చేతితో చోటు చూపినను వైద్యునకు దారి దొరకును. వ్యాకరణము నెవరును అడుగరు.

తెలుగులోనే చెప్పదలచినచో నదియు తప్పు కాదు. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వపు సొమ్ము పుచ్చుకొను ఆసుపత్రులు, ఇంగ్లీషు రాని రోగికి రుసుము లేకుండ దుబాసీ నేర్పాటు చేయవలెనను నియమము 1964 నాటి పౌరహక్కుల శాసనమును, 2010 నాటి ఆరోగ్యశాసనమును ఆధారముగా గలది. “తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్” అను మూడు మాటలు నేర్చికొని పోయిన తల్లి ధన్యురాలు. ఫోనులోనే దుబాసీని పిలుతురు. తొమ్మిదేండ్ల మనుమనిచేత నాయనమ్మ గర్భసంచి సంగతి చెప్పించు యిండ్లు మే మెఱుగుదుము. బిడ్డకును కష్టమే, పెద్దామెకును కష్టమే, వైద్యునకు సగమే యర్థమగును. 1883లో గుంటూరునకు వచ్చిన అమెరికా వైద్యురాలు అన్నా కుగ్లరు తెలుగు నేర్చికొని మన స్త్రీల బాధలను వినెను. ఆమె నెలకొల్పిన ఆసుపత్రి పేరు పాత గుంటూరు జిల్లాలో నేటికిని తెలియనివారు లేరు. ఆనాడు రోగి భాషను వైద్యురాలు నేర్చెను. నేడు మన తల్లులు పరదేశమున రోగులైనపుడు తమ భాషలో వినుమని కోరుట యేమి యపరాధము?

ఇక నింటిలోని ఫైన్. ఇది అన్నిటికంటె కఠినమైనది.

పల్నాటి పల్లెలలో నేడు పిల్లలలో నొకరైన నమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో లేని వీథు లరుదు. ఆదివారము ఫోను వచ్చును. “ఎట్టా ఉన్నావమ్మా?” అని తల్లి యడుగును. “ఫైన్ అమ్మా” యని కుమార్తె యనును. తల్లి సంతోషించి, వానలను గూర్చి, మిరపతోటకు పట్టిన తెగులును గూర్చి చెప్పి ఫోను పెట్టివేయును. మన తెలుగులో నొక సదుపాయ మున్నది. “బాగున్నాను” వేఱు, “బాగానే ఉన్నాను” వేఱు. ఆ “నే” యను ఒక్క యక్షరములో నెంత దిగులైనను పట్టును, తల్లి చెవి దానిని పసిగట్టి “ఏమయిందే?” యని వెంటనే యడుగును. ఇంగ్లీషు ఫైనులో నట్టి సందు లేదు. అది నున్నని పలక. దానిమీద వ్రేలు పెట్టిన నేమియు తగులదు.

మాకు తెలిసిన యొక కుటుంబమున కుమార్తె యెనిమిది నెలలు ఫైన్ అనియే చెప్పుచు వచ్చినది. భర్త కుద్యోగము పోయెను, అప్పులు పెరిగెను, ఇంటిలో మాటలు కరవయ్యెను. తల్లి చదువుకొన్నది కాదు. ఒకనాడు మాట వరుసకు “ఏం కూర వండావమ్మా?” అని యడిగినది. “ఏదో ఒకటిలే అమ్మా” అన్నది కుమార్తె. మఱునాడు నడిగినది, మరల నదే మాట. గోంగూర పచ్చడికొఱకు ముప్పది మైళ్లు పోయి వెదకి తెచ్చుకొను పిల్ల, మూడు దినములు కూర యేమో చెప్పలేకపోయినది. ఆ తల్లి ఫోను పెట్టివేయక, “నీ నాన్న బయటికి పోయాడు, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నా, చెప్పు” అని కూర్చున్నదట. అప్పుడు గాని యేడుపు బయటికి రాలేదు. పిమ్మట పెద్దలు కూడి చేయవలసినది చేసిరి. ఆ సంగతు లిచ్చట ననవసరము. హౌ ఆర్ యూ అను మాటకు ఫైన్ జవాబు కావచ్చును గాని, ఏం కూర యను మాటకు ఫైన్ జవాబు కానేరదు. దూరమున నున్న బిడ్డల నింగ్లీషులో పలుకరించుట నేర్చికొన్న తల్లు లీ రెండవ పలుకరింపును విడిచిపెట్టకుందురుగాక.

బడిగుమ్మమువద్ద సంగతి కొంత మిగిలియున్నది. ప్రభుత్వ పాఠశాలలలో నింగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టుటకు ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో ఉత్తరువు లిచ్చుటయు, 2020లో హైకోర్టు వానిని కొట్టివేయుటయు, దానిమీద వాదోపవాదములు చెలరేగుటయు నందఱెఱిగినదే. ఆ వివాదములోనికి మేమిప్పుడు పోము. బిడ్డ యే మాధ్యమమున చదివినను తల్లి బడికి పోకతప్పదు. ఒక బడిలో, “బాగున్నామండీ, మీరు బాగున్నారా?” అని తెలుగులో జవాబు చెప్పిన తల్లిని చూచి పంతులమ్మ పెదవి విఱిచినదని వింటిమి. ఆ పంతులమ్మకు హౌ ఆర్ యూ యను మాట వచ్చును గాని దాని మర్యాద రాలేదు. అడిగినది క్షేమము, ఆ తల్లి తన క్షేమము చెప్పినది, ఎదుటివారి క్షేమ మడిగినది. ఆ జవాబులో లోపించిన దేది? చేతులు జోడించి చిఱునవ్వుతో తెలుగున చెప్పిన జవాబు ఏ గుమ్మమునందైనను నిండు జవాబే. ఇంగ్లీషున చెప్పగోరువారు చెప్పుదురుగాక. దానికి సిగ్గుపడవలదు, చెప్పలేనందుకును సిగ్గుపడవలదు. అభ్యాసము కావలసినచో, వంటయింటిలో కూరలు తరుగుచు బడిపిల్లతో రోజు కైదు నిమిషములు పలుకరింపులాట ఆడవచ్చును. తల్లికి నేర్పుటకంటె పిల్లలకు గర్వకారణ మింకొకటి లేదు. ముందు నవ్విన పిల్లలే గురువు లగుదురు.

సెలవు పుచ్చుకొను మాటలను గూర్చి కొంచెము చెప్పి విరమింతుము. మనము “పోతాను” అనము. “వెళ్లొస్తాను” అందుము, “మంచిది, వెళ్లి రండి” యని జవాబిత్తుము. ఇంగ్లీషు “గుడ్‌బై” పూర్వము “దేవుడు మీకు తోడగుగాక” యను దీవనయే. వాడగా వాడగా నరిగి యింతయైనది. “బై” అనిన బై యనవలెను. “టేక్ కేర్” అనినచో జాగ్రత్తగా నుండుమని మందలించుట కాదు, థాంక్యూ యనిన చాలును. మనవారి నెక్కువగా మోసగించునది “సీ యూ లేటర్” అనునది. తరువాత చూచెదననిన నా సాయంత్రమే వచ్చునని తలచి, కుమార్తె యింట నొక పెద్దామె కాఫీకి పాలు కాచి, కారప్పూస వండి, చీకటి పడువఱకు వాకిలి చూచుచు కూర్చున్నదట. ఆ మాటకు మన “మళ్లీ కలుద్దాం” అనుటకున్నంతటి యర్థమే గాని గడియారముతో పనిలేదు. “సీ యూ” అని చేయి యూపిన చాలును. పాలు కాచి యుంచ నక్కఱలేదు.